తరగతి గదిలో పఠన బృందాలు: 40 మంది పిల్లలు, నాలుగు కథలు, నాలుగు వారాలు

నలుగురైదుగురు పిల్లలు ఒకే కథ చదువుకొని వచ్చి, చుట్టూ కూర్చొని, దాని గురించి తమలో తాము మాట్లాడుకోవడమే పఠన బృందం. వంతులవారీగా గట్టిగా చదివించడం దీని కిందికి రాదు. పాఠం చివరి ప్రశ్నలకు అయిదుగురూ కలిసి జవాబులు రాసుకోవడమూ రాదు. తేడా తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పీరియడు మధ్యలో టీచరు పది నిమిషాలు వరండాలో నిలబడినా లోపల కథ మీద మాటలు సాగుతూ ఉంటే అది పఠన బృందమే. ఆగిపోతే మాత్రం అది టీచరు నడిపే పాఠమే, బెంచీల వరస ఒక్కటే మారిందన్నమాట.

పిల్లలు దీన్ని 'జట్టు' అనే అంటారు కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాం. కింది లెక్కలన్నీ కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉన్నత పాఠశాలల్లో 6 నుంచి 9 తరగతులకు, 40 మంది పిల్లలకు, 45 నిమిషాల పీరియడుకు వేసినవి. వారానికి రెండు పీరియడ్ల చొప్పున నాలుగు వారాలు నడిస్తే ఒక విడత పూర్తవుతుంది.

ముందు సరంజామా

అయిదుగురి చొప్పున 8 జట్లు, నాలుగు కథలు. ఒక్కో కథను రెండేసి జట్లు చదువుతాయి. ఎనిమిది జట్లకు ఎనిమిది కథలు ఇవ్వాలని ఉత్సాహం పుడుతుంది గానీ, మొదటి విడతలో ఆ పని పెట్టుకోవద్దు. ఎనిమిది కథలనూ టీచరు ముందే రెండుసార్లు చదివి, ఆపాల్సిన చోట్లు గుర్తు పెట్టుకోవాలి, అది అయ్యే పని కాదు. పైగా ఒకే కథ చదివిన రెండు జట్లు చివర్లో ఎదురుబొదురు కూర్చున్నప్పుడు వచ్చే వాదన చాలా బాగుంటుంది.

ఇద్దరికి ఒక ప్రతి చాలు. అయిదుగురికి మూడు ప్రతులంటే 8 జట్లకు 24, టీచరుకు కథకొకటి చొప్పున 4, మొత్తం 28 ప్రతులు. కథ 8 పేజీలైతే 224 పేజీలు. జిరాక్సుకు పేజీ రూపాయి వేసుకున్నా రెండు వందల ఇరవై నాలుగు రూపాయలు. ప్రతి మనిషికీ ఒక ప్రతి ఇవ్వకపోవడం వెనక డబ్బు ఒక్కటే కారణం కాదు. ఒక కాగితం మీద రెండు తలలు వంగితే చదవడం వెనకబడినవాడికి పక్కవాడి వేలు దారి చూపిస్తుంది.

ఇక చీటీలు. పిల్లలు చదువుతూ ఆగిన చోట పెట్టుకోవడానికి ఒక్కొక్కరికి సమావేశానికి మూడు కావాలి. మూడు సమావేశాలకు 360. ఒక వైపు ఖాళీగా ఉన్న పాత పరీక్ష కాగితాన్ని నాలుగుసార్లు మడిచి చింపితే 16 చీటీలు వస్తాయి, 23 కాగితాలు సరిపోతాయి. రంగు రంగుల అంటించే చీటీలు కొనక్కర్లేదు. అవి వస్తే పిల్లలు రాయడం మాని రంగుల కోసం కొట్లాడుకుంటారు.

జట్టుకు 15 చొప్పున 120 చింతపిక్కలు. వాటి పని కింద చెబుతాం. బుడ్డలు (వేరుశనగలు) మాత్రం పెట్టొద్దు, రెండో వంతుకే గిన్నె ఖాళీ అవుతుంది.

నోటుబుక్కు జట్టుకు ఒకటే. పిల్లవాడికొకటి పెడితే 40 నోట్లు దిద్దాలి, పైగా ఒకరిది చూసి ఇంకొకరు ఎక్కించడం మొదలవుతుంది.

ఏ కథ నిలబడుతుంది

6, 7 తరగతులకు 3–4 పేజీలు, 8, 9 తరగతులకు 6–8 పేజీలు. పెద్ద నవలతో మొదలుపెట్టిన జట్లు రెండో వారానికే చెదిరిపోతాయి, ఎందుకంటే నలుగురు నాలుగు చోట్ల ఉంటారు. కథ తేలికదా బరువుదా చూడడానికి వేళ్ల లెక్క పనికొస్తుంది. తరగతిలో మధ్యస్థంగా చదివే పిల్లతో ఒక పేజీ చదివించి, అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ కథ ఈ విడతకు వద్దు.

నిడివి కంటే ముఖ్యమైనది ఇంకొకటి. కథలో ఒక ఖాళీ ఉండాలి. ఎవరో ఒక పని చేస్తారు, ఎందుకు చేశారో రచయిత చెప్పడు, అలాంటి ఖాళీ. చివర్లో 'నీతి' అని అచ్చువేసిన కథల్లో ఈ ఖాళీ పూడిపోయి ఉంటుంది. పిల్లలు నీతిని చదివి, 'అబద్ధం చెప్పకూడదు' అని ఏకగ్రీవంగా తీర్మానించి, నాలుగో నిమిషంలో పీరియడు ముగించేస్తారు. నచ్చిన కథకు నీతి అంటుకొని ఉంటే జిరాక్సు తీసేటప్పుడు ఆ వాక్యం మీద కాగితం ముక్క పెట్టండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

కథలు ఎక్కడ దొరుకుతాయంటే, మొదట బడి బీరువా తాళం తీయండి. నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు చాలా బడుల్లో కట్టు విప్పకుండానే ఉంటాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా దొరుకుతాయి, వాటిని ముద్రించి పంచుకోవడానికి లైసెన్సు కూడా ఉంది. మిగతా పుస్తకాలను హక్కుల సంగతి చూడకుండా జిరాక్సు కొట్టొద్దు, గ్రంథాలయం నుంచి అసలు ప్రతులే తెచ్చుకోండి. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. శాఖా గ్రంథాలయం వారితో పరిచయం చేసుకోవడానికి అది మంచి అదను.

9వ తరగతికి మన సీమ కథకులు సరిగ్గా సరిపోతారు. కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ కథల్లో బోరు, కరవు, పంట నష్టం వంటి మాటలకు అర్థాలు రాయించే పనే ఉండదు. వేమన పద్యాలు మాత్రం రెండో విడతకు దాచుకోండి. పిల్లలకు పద్యం నోటికి వచ్చి ఉంటుంది, నోటికొచ్చింది కాబట్టి తెలిసినట్టే అనుకుంటారు, తెలిసినదాని గురించి మాట సాగదు. దానికొక కిటుకుంది. కడపలోనూ పనిచేసి, తెలుగు రాతప్రతులు పోగుచేసిన సి.పి.బ్రౌన్, ఒకే పద్యానికి వేర్వేరు ప్రతుల్లో దొరికిన పాఠాలను పోల్చి చూసి 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. అదే పని పిల్లలకివ్వండి. రెండు సంకలనాల్లో మాట తేడాతో ఉన్న పద్యం వెతికి రెండు పాఠాలూ పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో తేల్చమనండి. అప్పుడు వచ్చిన పద్యమే కొత్తదవుతుంది.

జట్లు కట్టడం

నాలుగు కథలనూ ఒక్కొక్కటి రెండు నిమిషాల్లో పరిచయం చేయండి. కథ చెప్పొద్దు. మొదటి పేజీలో ఒక పేరా చదివి, సరిగ్గా ఊరించే చోట ఆపండి. పిల్లలు చీటీ మీద పేరు రాసి, తమకు కావాల్సిన కథలు 1, 2, 3 అని వరస పెట్టి ఇస్తారు.

చీటీలు సర్దేటప్పుడు, చదవడం కష్టమైన పిల్లల చీటీలు ముందు తీసి వాళ్లకు మొదటి కోరిక ఇచ్చేయండి. బాగా చదివేవాళ్లు మూడో కోరికతోనైనా సర్దుకుంటారు. అక్షరాలతో కుస్తీ పట్టేవాడికి తను అడిగిన కథ కావడమే సగం బలం.

తర్వాత చూడాల్సినవి మూడు. ఒక్క ఆడపిల్లను నలుగురు మగపిల్లల మధ్య వేయొద్దు, వేస్తే ఇద్దరిని వేయండి. 8, 9 తరగతుల్లో ఒక్కతే ఉన్న పిల్ల నాలుగు వారాలూ నోరు విప్పదు. ఒకే ఊరినుంచి, ఒకే తండానుంచి వచ్చేవాళ్లంతా ఒకే జట్టులో పడకుండా విడదీయండి, అయితే ప్రతి ఒక్కరికీ జట్టులో తెలిసినవాళ్లు ఒకరుండాలి. ఇంట్లో ఉర్దూనో కన్నడమో సుగాలీనో మాట్లాడే పిల్లలున్న చోట, ఆ భాష వచ్చినవాళ్లను ఇద్దరిద్దరిగా ఉంచండి. మాట తట్టనప్పుడు ఒకరు తమ భాషలో చెబితే రెండోవారు తెలుగులో అందిస్తారు. అది చర్చలో భాగమే, అడ్డుపడొద్దు.

జట్టుకు లీడరు వద్దు. లీడరు బిళ్ల పెట్టుకున్నవాడు రెండో రోజే చిన్న టీచరవుతాడు.

మొదటి వారం: మాట్లాడడం నేర్పాలి

చాలాచోట్ల ఇది దాటేసి నేరుగా కథలు పంచేస్తారు, మూడో రోజు 'మా పిల్లలకు ఇవి కుదరవండీ' అంటారు. టీచరుకు జవాబు చెప్పడం పిల్లలకు వచ్చు. తోటివాళ్లతో పుస్తకం గురించి మాట్లాడడం ఎవరూ నేర్పలేదు. మొదటి రెండు పీరియడ్లు అందుకే.

గది మధ్యలో అయిదుగురిని కూర్చోబెట్టండి. మిగతా 35 మంది చుట్టూ నిలబడి చూస్తారు. అందరికీ ఒకటే చిన్న భాగం బోర్డు మీద రాయండి. మాదిరికి రాసుకున్న నాలుగు వాక్యాలు ఇవి:

'బోరు ఎండిపోయిన మూడో దినం, నాయన ఎద్దుల్ని సంతకు తోలుకపోవడానికి పలుపులు విప్పినాడు. అవ్వ ఏమీ అనలేదు. వామి కాడికి పోయి, మిగిలిన చొప్పంతా ఎత్తుకొచ్చి వాటి ముందర వేసింది. నాయన వాకిట్లోనే నిలబడుకున్నాడు.'

మధ్యలో కూర్చున్న పిల్లలను తలా ఒక ప్రశ్న అడగమనండి. మొదట వచ్చేది ఇట్లుంటుంది: 'ఎద్దుల్ని యాడికి తోలుకపోతాండారు?' జవాబు 'సంతకి.' మాట అయిపోయింది. బోర్డు మీద ఆ ప్రశ్న పక్కన అడ్డగీత గీయండి. ఒక్క మాటతో తెగిపోయే ప్రశ్నకు 'తెగే ప్రశ్న' అని పేరు పెట్టొచ్చు. ఇక తెగనిది కావాలని అడగండి. కాసేపు ఆగితే ఎవరో ఒకరు దగ్గరికి వస్తారు. మాటలు ఇలా సాగొచ్చు:

'అమ్మేసే ఎద్దులకు చొప్పంతా ఎందుకేసింది?'
'కడుపు నిండుగుంటే సంతలో మంచి ధర పలుకుతాది.'
'దానికి కొంచెమేసినా సాలు గదా. మిగిలిన చొప్పంతా అనుండాది.'
'ఎద్దులే లేకుంటే ఇంగ చొప్పెందుకు? అందుకే ఏసింటాది.'
'కాదు, ఆమెకు బాధ. ఏమీ అనలేదు అని ముందే ఉండాది సూడు.'
'మరి నాయన ఎందుకు నిలబడుకున్నాడు? తోలుకపోవాల గదా.'

ఇక్కడ ఆపి, చుట్టూ ఉన్నవాళ్లను ఏం చూశారో అడగండి. మూడో మాట అన్న పిల్ల బోర్డు మీది 'అంతా' అనే మాటను పట్టుకుంది. అయిదో మాటకు ఆధారం కథలోనే చూపించారు. చివరి మాట అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని నాయనను ముందుకు తెచ్చింది. ముగ్గురి జవాబులూ వేరు, మూడింటికీ కథలో చోటుంది. మంచి చర్చలో ఏముంటుందో తరగతి మొత్తానికీ ఈ ఆరు మాటల్లోనే కళ్లకు కడుతుంది. టీచరు 'సరైన జవాబు' చెప్పకూడదు. చెబితే వచ్చే విడతలో అందరూ ఆ జవాబు కోసం మీ మొహం వంక చూస్తూ కూర్చుంటారు.

పిల్లలు 'ఉండాది', 'సూడు' అంటే దిద్దొద్దు. 'అక్కడ ఏమని వ్రాయబడి ఉన్నది?' అనే భాషలో ఏ పిల్లా తన అనుమానం చెప్పుకోలేదు. గ్రాంథికమో పుస్తక భాషో రాసేటప్పుడు చూసుకోవచ్చు. మాట మధ్యలో ఉచ్చారణ దిద్దిన రోజున ఆ పిల్ల ఇంక మాట్లాడదు.

చీటీ మీద ఏం రాయాలి

చదువుతూ ఆగిన చోట చీటీ. దాని మీద పేజీ సంఖ్య, ఒక ప్రశ్న లేదా ఒక అనుమానం. అంతకు మించి వద్దు. ఎనిమిది పదాలు దాటితే అది వ్యాసం అవుతుంది, చర్చకు రాకముందే మాట అయిపోతుంది. 'బాగుంది', 'నచ్చింది' అని రాసిన చీటీని వెనక్కిచ్చి, ఏ మాట దగ్గర నచ్చిందో ఆ మాట కింద గీత గీసి తెమ్మనండి.

పేజీ సంఖ్య లేని చీటీ చెల్లదు. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే, చదవకుండా వచ్చి మాటలతో నెట్టుకొచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే బయటపడతారు.

పాత్రలు: రెండు సమావేశాలకే

మొదటిసారి పిల్లలకు చేతిలో ఏదో ఒక పని ఉంటే బెరుకు తగ్గుతుంది. అయిదుగురికి అయిదు పనులు: ప్రశ్నలు తెచ్చేవారు, మాటలు ఏరేవారు, బొమ్మ గీసేవారు, మన ఊరికి ముడిపెట్టేవారు, వంతు చూసేవారు. రెండో సమావేశానికి పనులు మారాలి.

మాటలు ఏరడం మామూలుగా నిఘంటువు పనిగా మారి చచ్చిపోతుంది. దాన్ని బతికించాలంటే, కథలో మాట ఒక పక్క, ఇంట్లో అనే మాట ఇంకో పక్క రాయించండి. కథలో 'నానమ్మ' ఉంటే ఒకరి ఇంట్లో 'అవ్వ', ఇంకొకరి ఇంట్లో 'జేజి'. 'వేరుశనగ' దగ్గర శెనక్కాయలు, బుడ్డలు అని జట్టు రెండుగా చీలుతుంది. అలా చీలినప్పుడు అడ్డుపడకండి, కథలోకి వాళ్లే తిరిగి వస్తారు.

మూడో సమావేశానికి పాత్రలు తీసేయండి. 1990లలో అమెరికా బడుల్లో ఈ పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిన హార్వే డేనియల్స్ కూడా, పాత్రల కాగితాలు తాత్కాలికమేనని, పట్టుకొని వేలాడితే చర్చ యాంత్రికం అవుతుందని తర్వాత హెచ్చరించాడు. తెలుగు తరగతిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. 'నేను బొమ్మ గీశాను, నా పని అయింది' అని ఒకరు, 'నా ప్రశ్నలు రెండూ అడిగాను' అని ఇంకొకరు. అయిదుగురూ తమ కాగితం చదివేసి కూర్చుంటారు, ఎవరూ ఎవరికీ బదులు చెప్పరు. చీటీలు మాత్రం చివరిదాకా ఉంటాయి.

45 నిమిషాలు

మొదటి 4 నిమిషాలు కూర్చోవడానికి. డెస్కులుంటే రెండు ఎదురెదురుగా, అయిదోవారికి పక్కన ఒక స్టూలు. నేల మీదైతే మోకాళ్లు తగిలేంత దగ్గరగా. ఎడం ఉన్నకొద్దీ గొంతులు పెరుగుతాయి, ఎనిమిది జట్ల గొంతులు పెరిగితే పక్క తరగతి టీచరు తలుపు దగ్గర ఉంటారు. నాలుగు జట్లను వరండాలోకో వేపచెట్టు కిందికో పంపితే గదిలో రొద సగమవుతుంది.

తర్వాత 8 నిమిషాలు నిశ్శబ్దంగా మళ్లీ చదవడం. ఇంట్లో చదివి రమ్మన్నా సరే, ఈ 8 నిమిషాలు వదలొద్దు. సాయంత్రం బడి వదలగానే గొర్రెల వెంటో, చెల్లెలిని ఎత్తుకునో గడిపే పిల్లలకు చదివే చోటు ఇదొక్కటే.

20 నిమిషాలు మాటలు. మొదటి సమావేశంలో 10 నిమిషాలు చాలు, మిగతాది చదవడానికే ఇవ్వండి. ఇరవై నిమిషాలు నడిపే సత్తువ మొదటి రోజే రాదు, ఖాళీ పడిన పది నిమిషాల్లో అల్లరి పుడుతుంది.

6 నిమిషాలు జట్టు నోటులో రాయడం: తెగకుండా మిగిలిన ప్రశ్న ఒకటి, మనసు మార్చుకున్న విషయం ఒకటి. 5 నిమిషాలు రెండు జట్లు తమ ప్రశ్నను తరగతికి చెప్పడం. చివరి 2 నిమిషాలు కాగితాలు లెక్కపెట్టి తిరిగివ్వడం. ఆ లెక్క మానేస్తే రెండో వారానికి 24 ప్రతులు 19 అవుతాయి.

కథను ఎక్కడ ఆపాలో ముందే పెన్సిలుతో గీయండి. 8 పేజీల కథకు రెండు ఆపే చోట్లు. ఎవరో ఒక నిర్ణయం తీసుకోబోయే చోటికి ఒక్క వాక్యం ముందు ఆపితే మంచిది. ఆగకుండా చివరిదాకా చదివేసేవాళ్లు ఉంటారు, వాళ్లను తిట్టొద్దు. ముగింపు బయటపెట్టకూడదని మాట తీసుకుని, ఆ ముగింపుకు రచయిత మొదటి పేజీల్లో ఎక్కడెక్కడ జాడలు వదిలాడో వెతికే పని ఇవ్వండి.

టీచరు పని

నిలబడి గది మొత్తం కనిపించే చోట ఉండండి. ఒక పీరియడులో రెండు జట్ల దగ్గరే కూర్చోండి, ఒక్కో దగ్గర అయిదారు నిమిషాలు. పిల్లల ఎత్తుకు సమంగా కూర్చోవాలి. నిలబడి వంగి చూస్తే అందరి తలలూ మీ వైపు తిరుగుతాయి. తిరిగినప్పుడు మీరు నోటులోకి చూడండి, కాసేపటికి వాళ్లలో వాళ్లు చూసుకుంటారు.

నోరు కట్టుకోవడం మనకు అన్నిటికన్నా కష్టం. ప్రశ్న వేశాక టీచర్లు ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగగలిగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలనలు 1970లలోనే తేల్చాయి. జట్టులో మాట ఆగినప్పుడు మనసులో పది లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మూడింటిలో ఒకటి అని లేచి వెళ్లిపోండి: 'అది ఏ పేజీలో ఉంది?', 'దీనికి ఎవరైనా ఒప్పుకోరా?', 'ఇంతసేపూ మాట్లాడనివాళ్లు ఏమంటారు?' జవాబు వినడానికి ఆగొద్దు.

ఎక్కడ చెడుతుంది

ఒకడే మాట్లాడతాడు. చింతపిక్కలు ఇందుకే. ఒక్కొక్కరికి మూడు. మాట్లాడినప్పుడల్లా ఒకటి మధ్యలో పెట్టాలి. మూడూ అయిపోయినవాడు మిగతావాళ్లవి అయ్యేదాకా వినాలి. రెండు సమావేశాల తర్వాత ఇవీ తీసేయండి. ఎక్కువరోజులు ఉంచితే, పిక్క వదిలించుకోవడానికి 'నాకూ అంతే' అని చెప్పి పెట్టేస్తారు.

కథ మొత్తం తిరిగి చెప్పుకుంటారు. మొదటి సమావేశంలో అయిదు నిమిషాలు అలా సాగితే పరవాలేదు, కథను గుర్తు తెచ్చుకోవడం అవసరమే. రెండోసారీ అదే జరిగితే లోపం చీటీల్లో ఉంది, అన్నీ తెగే ప్రశ్నలే రాసుకొచ్చారన్నమాట. పీరియడు మొదట్లో చీటీలు మార్చుకుని, ఎదుటివాడి చీటీల్లో తెగని ప్రశ్నలు ఏరమనండి.

గొడవలు చాలావరకు కథ గురించి కావు, కాగితం ఎవరి ఒళ్లో ఉండాలనే దాని గురించి. ప్రతిని ఇద్దరి మధ్య నేల మీద పెట్టే నియమం పెడితే సగం తీరతాయి.

ప్రధానోపాధ్యాయులకు ఇది అల్లరిలా కనబడుతుంది. మొదలుపెట్టే ముందే నాలుగు వారాల పట్టిక చూపించండి. చివరి సమావేశానికి పిలిచి, ఒక జట్టు పక్కన కూర్చోబెట్టండి.

చదవలేని పిల్లలు

వత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చిన చోట ఆగిపోయే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లను విడదీసి 'వెనకబడిన జట్టు' చేయడం ఈ పద్ధతిలో అన్నిటికంటే పెద్ద తప్పు. కథ వినడానికీ, దాని గురించి ఆలోచించడానికీ అక్షరాల వేగంతో పనిలేదు. పాఠాలు తడుముకునే పిల్లలే ఎద్దుల గురించి, అప్పుల గురించి, వానల గురించి జట్టులో బలమైన మాట చెబుతుంటారు.

మొదటి పేజీ టీచరే తరగతికంతటికీ చదవాలి. పేర్లు, ఊరు, ఎవరికి ఎవరు ఏమవుతారో అక్కడే తేలిపోతాయి. తర్వాత జంటగా చదువు: బాగా చదివేవారు ఒక పేరా చదివితే, అదే పేరాను రెండోవారు వేలు పెట్టి చదవాలి. కొత్త పేరా ఇవ్వొద్దు, విన్నదే చదవాలి. ఇంకా కష్టమైతే కథను ఫోనులో రికార్డు చేసి, మధ్యాహ్న భోజనం తర్వాత ఆ నలుగురికి ఒకసారి వినిపించండి, చేతిలో కాగితం ఉండాలి. వాళ్ల చీటీ మీద బొమ్మ ఉన్నా చెల్లుతుంది, పేజీ సంఖ్య ఉంటే.

వలస నెలలు, ఒంటిపూట

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు బడుల్లో ఈ పట్టిక అలాగే నడవదు. పత్తి, మిరప పనులకు కుటుంబాలు గుంటూరు వైపు కదిలే కాలంలో తరగతిలో ఏ సోమవారం ఎంతమంది ఉంటారో చెప్పలేం. నాలుగు వారాల విడతను జూలై నుంచి అక్టోబరు లోపే రెండుసార్లు నడుపుకోండి. వలస మొదలయ్యాక ఒకే వారంలో ముగిసే చిన్న విడతలు వేయండి: రెండు పేజీల కథ, ఒక పీరియడు చదవడం, ఒక పీరియడు మాట్లాడడం. జట్టును ఆరుగురితో కట్టండి, ఇద్దరు పోయినా నలుగురు మిగులుతారు. ముగ్గురి కంటే తగ్గితే పక్క జట్టులో కలిపేయాలి, ఇద్దరి మధ్య చర్చ జరగదు, కబుర్లు జరుగుతాయి.

తిరిగివచ్చిన పిల్లకు జట్టులో ఒకరు అయిదు నిమిషాల్లో వెనకటి కథ చెప్పాలి. చెప్పేవారికి అది మంచి కసరత్తు. వచ్చిన పిల్ల అప్పుడే వింది కాబట్టి, మిగతావాళ్లు ఎప్పుడో దాటేసిన చోట 'అదెట్ల?' అని అడుగుతుంది. ఆ ప్రశ్నను జట్టు నోటులో రాయించండి.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక పీరియడ్లు కుదించుకుపోతాయి, పదకొండు దాటితే రేకుల గదిలో ఎవరికీ ఓపిక ఉండదు. ఈ పీరియడును పొద్దున మొదటిదో రెండోదో చేయించుకోండి, మాటల సమయం 15 నిమిషాలకు తగ్గించండి.

మార్కులు

మొదటి విడతకు మార్కులు వేయొద్దు. వేస్తానన్న మాట పడగానే పిల్లలు చీటీల మీద అనుమానాలు మాని జవాబులు రాస్తారు. మీ దగ్గర మాత్రం ఒక కాగితం ఉంచుకోండి: పేర్ల పక్కన మూడు గళ్లు. పేజీ చూపించి మాట్లాడారా, వేరేవాళ్ల మాట అందుకుని మాట్లాడారా, కొత్త ప్రశ్న తెచ్చారా. విన్నప్పుడల్లా ఒక గీత. పీరియడుకు రెండు జట్ల చొప్పున వింటే నాలుగు పీరియడ్లలో అందరూ ఒకసారి కళ్ల ముందుకు వస్తారు. ఎవరి గళ్లు మూడూ ఖాళీగా ఉన్నాయో వాళ్ల జట్టు దగ్గర తర్వాతిసారి ముందు కూర్చోండి.

చివరి సమావేశం

నాలుగో వారం రెండో పీరియడులో ఒకే కథ చదివిన రెండు జట్లను కలపండి. పది మంది, నాలుగు చోట్ల. ఒక్కో జట్టు తన నోటులో తెగకుండా మిగిలిన ప్రశ్నను ఎదుటి జట్టుకు ఇస్తుంది. తమకు తెగనిది వాళ్లకు ఎట్లా తెగిందో వింటారు, ఒప్పుకోకపోతే పేజీ తీసి చూపిస్తారు. నాటకాలు, చార్టులు, కథ సారాంశాల ప్రదర్శనలు పెట్టొద్దు. వాటి తయారీకి రెండు పీరియడ్లు పోతాయి, కథ పక్కకు పోతుంది.

పది మందికీ తెగని ప్రశ్న ఏదైనా మిగిలితే పెద్ద అక్షరాలతో రాయించి, కథ పేరుతో పాటు గది వెనక గోడకు దారం కట్టి వేలాడదీయండి. కింద జవాబు రాయకండి. వచ్చే విడతలో కథలు ఎంచుకునేటప్పుడు మీ రెండు నిమిషాల పరిచయం కంటే ముందు పిల్లలు ఆ దారం దగ్గరికే పోతారు.